రెండు గంటలు దాటితే

సముద్రం వైపు వెళ్ళే బస్సులో పై అంతస్తు, సరిగ్గా డ్రైవర్ నెత్తి మీద ఉన్నట్టుండే ముందు సీటు మాది. ఆ రెండు నెలలూ దాదాపు ప్రతి మధ్యాహ్నం నేనూ పాపా అక్కడే ఉండేవాళ్ళం. ఎడిన్‌బర్గ్‌లో కొన్ని రోజులు సముద్రం మీంచి తెల్లటి పొగమంచు లేచి ఊళ్ళోకి నడిచొస్తుంది. అలాంటప్పుడు పెద్ద అద్దం అవతల రోడ్డుండదు, చెట్లుండవు. ఒక్కో దీపం ఎక్కడో పుట్టి, దగ్గరికొచ్చి, పక్కనుంచి జారిపోతుంది. బస్సు కదులుతోందా, లేక మేం కూర్చున్న చోటే ఉంటే ఊరే మమ్మల్ని దాటుకుని పోతోందా తెలిసేది కాదు. పాప నా ఒళ్ళో నిద్రపోయి ఉండేది. నోరు కొంచెం తెరుచుకుని, దాని ఊపిరి నా జాకెట్ జిప్పు మీద తడిగా అంటుకునేది. నా ఒక చెయ్యి దాని వీపు మీద. ఇంకో చేతిలో ఫోను.

పాప నాది కాదు. ఆ బస్సులో మేం ఎక్కడికీ వెళ్ళడమూ లేదు. రూలుకి దొరక్కుండా తిరుగుతున్నాం. తిరుగుతున్నామని నేను అనుకున్నాను.

అప్పటికి నా మాస్టర్స్ అయిపోయింది. చదువయ్యాక ఉండి పని వెతుక్కోమని ఇచ్చే వీసా మీద, పాత రాతి బిల్డింగ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. పక్క గదిలో అమ్మాయి తెల్లారకముందే బేకరీ పనికి వెళ్ళి సాయంత్రం వచ్చేది. నేను పొద్దంతా ఉద్యోగాలకు అప్లై చేస్తూ, ‘క్షమించండి’ అని మొదలయ్యే మెయిల్స్ చదువుతూ కూర్చునేదాన్ని. నాకు కోపం ఎక్కువ. మలక్‌పేటలో పుట్టి పెరిగాను, ఆటో మీటరు దగ్గర్నుంచి అన్నిటికీ గొడవపడడం అలవాటు. కానీ మెయిల్‌తో గొడవపడలేం. అది మర్యాదగా ఉంటుంది, జవాబు ఇవ్వదు.

అక్క పరిచయమైంది బస్టాపులో. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో ఫోన్లో గట్టిగా తెలుగులో మాట్లాడుతూ ఏడుస్తోంది. ముందు, పిల్లల్ని తోసుకెళ్ళే బగ్గీలో రెండున్నరేళ్ళ పాప, అరటిపండు నలుపుకుంటూ.

“ఆరు నెల్లే అమ్మా. మూడేండ్లు నిండితే ఇక్కడ నర్సరీల ఫ్రీగ సీటొస్తది. అప్పటిదాంక ఖమ్మంలనే ఉంచుకో. మా మేనత్త గురువారం పోతున్నది, వచ్చే నెల. ఆమె తోలుకొస్తది.”

నాది కాని మాటలో వేలు పెట్టకూడదని నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు.

“పాపను పంపిస్తున్నరా?” అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. “నువ్వెవరు చెల్లే? తెలుగు పిల్లవా?”

బస్సు వచ్చింది, పోయింది, ఇంకోటి వచ్చింది. అక్క ఆసుపత్రిలో నర్సు. లీవు అయిపోతోంది, సోమవారం నుంచి పగలు డ్యూటీ. బావ వేరే ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్. పొద్దున ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకోవాలి. ఇల్లు ఒకటే బెడ్‌రూమ్. పాప నడిస్తే చాలు గోడలన్నీ చెప్తాయి, ఆయనకు నిద్ర ఉండదు. ప్రైవేటు నర్సరీలో వేస్తే అక్క జీతం దానికే సరిపోతుంది, అక్కడ కూడా ముందు లైన్లో నిలబడాలి. అందుకని పాపను అమ్మమ్మ దగ్గరికి పంపాలనుకున్నారు. మావాళ్ళలో చాలామంది చేసే పనే. వీడియో కాల్లో ముద్దులు పెడుతూ పెంచుతారు.

మా పెద్దమ్మ కూతురు అలాగే పంపింది. ఏడాదిన్నర తర్వాత ఎయిర్‌పోర్టులో ఆ పిల్ల వాళ్ళమ్మను చూసి, “ఆంటీ, మా అమ్మమ్మ ఏది?” అంది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అది గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది.

“ఎక్కడికీ పంపకుండ్రి. ఆరు నెల్లే కద, నేను చూస్త.”

“నీకు పిల్లల్ని చూసుడు వస్తదా?”

“ఏం రాదు. ఫోన్ల చూసి నేర్చుకుంట.”

అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అలా పాప పొద్దున ఎనిమిదింటికి నా గదికి వచ్చేది, అక్క డ్యూటీ దిగి నాలుగింటికి తీసుకెళ్ళేది. నెల తిరిగాక ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. వెళ్ళేముందు అక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. పళ్ళెంలో జాకెట్ ముక్క, రెండు అరటిపళ్ళు, పసుపు కొమ్ము, కింద ఒక కవరు.

“ఇదేంది అక్కా?”

“జీతమంటే బాగుండదు. ఆడపడుచుకు పెట్టినట్టు పెడుతున్న. తీస్కో.”

తీసుకున్నాను. బొట్టు పెట్టి జాకెట్ ముక్క కింద ఇచ్చినది జీతం ఎలా అవుతుంది? ఇద్దరం మనస్ఫూర్తిగా అలాగే నమ్మాం.

కింది అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది. తెల్ల జుట్టు, ఎర్ర స్వెటరు. ఇక్కడి పెద్దావిడలు ఆడపిల్లల్ని ‘హెన్’ అని పిలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు, కోడి అంటావా నన్ను అని కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, మనం ‘బిడ్డా’ అన్నట్టే అది. ఒక పొద్దున మెట్ల మీద ఆగి అడిగింది.

“రోజూ నీ దగ్గరే ఉంటుందా హెన్, ఈ చిన్నది?”

“అవును.”

“పొద్దంతానా? రిజిస్టర్ అయ్యావా మరి? నేను ఇరవై ఎనిమిదేళ్ళు చైల్డ్‌మైండర్‌గా చేశాను, ఈ ఇంట్లోనే.”

“ఇది మా పాప. మా ఇంటి పాప,” అన్నాను కస్సుమని. గదిలోకి వచ్చి తలుపేసి ఫోను తీశాను. స్కాట్లండ్‌లో ఎవరైనా తమ ఇంట్లో ఇతరుల పిల్లల్ని డబ్బు తీసుకుని రోజుకు రెండు గంటలకు మించి చూస్తే చైల్డ్‌మైండర్ కిందికి వస్తారు. రిజిస్టర్ కావాలి. కాకుండా చేయడం నేరం. రిజిస్టర్ కావాలంటే ఫారాలు, పోలీస్ చెక్, ఇల్లు తనిఖీ, ఇంటి ఓనర్ ఒప్పుకోలు, కొన్ని నెలలు. నా కాళ్ళ దగ్గర పాప నా చెప్పుల్లో తన కాళ్ళు పెట్టి నడుస్తోంది, టప్ టప్ టప్. నెలలు అంటే అప్పటికి ఖమ్మం వెళ్ళిపోయి ఉంటుంది.

మళ్ళీ చదివాను. ‘ఇంట్లో’ అని ఉంది. ‘రెండు గంటలు’ అని ఉంది. నా బుర్ర వెలిగింది. అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, ఇంట్ల రెండు గంటలు దాటితేనే తప్పు. బయట ఉంటే ఎవడేం చేస్తడు? ఇంట్ల గంటా యాభై ఐదు నిమిషాలు, మిగిలిందంత బయట.”

“నువ్వు లాయర్ చదవాల్సుండె,” అంది అక్క.

ఆ రోజునుంచి పాప గుమ్మం దాటగానే ఫోన్లో టైమర్ పెట్టేదాన్ని. మోగగానే స్వెటరు, టోపీ, బూట్లు, బగ్గీ, బస్సు. నాకు నెల పాసు ఉంది, పాపకు టికెట్ లేదు. టికెట్ లేని మ్యూజియంలో పెద్ద తిమింగలం ఎముకల కింద కూర్చుని ఇడ్లీ తినేవాళ్ళం. లైబ్రరీలో కార్పెట్ మీద పడుకుని బొమ్మల పుస్తకాలు తలకిందులుగా చదివేవాళ్ళం. సముద్రం దగ్గర పాప ఒక్కో గవ్వను చెవి దగ్గర పెట్టుకుని “హలో?” అనేది, జవాబు రాకపోతే నాకు ఇచ్చేది. నేనూ “హలో” అనేదాన్ని. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో, ఈ ఊరి యాసలో చెప్పేది. తాగుతావా అంటే “అయ్” అనేది, ఔను అని.

ఆ నెలల గురించి ఇప్పుడు తలుచుకుంటే రోజులు విడివిడిగా గుర్తు రావు. అంతా ఒకే పొడుగాటి మధ్యాహ్నం. పొగమంచులో కొండ మీది కోట కింది భాగం కరిగిపోయి, పైది మాత్రం ఆకాశంలో వేలాడుతుండేది. పాప దాన్ని చూపించి “బోట్” అనేది. నిజమే, పడవలాగే ఉండేది. నిద్రపోతున్న పిల్ల బరువు వేరు. మెలకువగా ఉన్నప్పటి బరువు కాదు అది, మొత్తం మనమీదే వదిలేసిన బరువు. కాలు తిమ్మిరెక్కినా కదలబుద్ధి అయ్యేది కాదు. బస్సు చివరి స్టాపుకి వెళ్ళేది, మళ్ళీ వెనక్కి తిరిగేది. డ్రైవర్లు దిగమని ఎప్పుడూ అనలేదు. నాకు ఉద్యోగం లేదన్న సంగతి, వీసా అయిపోతుందన్న సంగతి కూడా ఆ అద్దం అవతలే ఎక్కడో మంచులో ఉండేవి.

అలా ఉండగా ఒక బుధవారం పాప పొద్దున్నుంచే చికాకుగా ఉంది. పాలు వద్దంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బయట వాన, పక్కకు కొట్టే వాన. నా మంచం మీద పడుకుని అప్పుడే కళ్ళు మూస్తోంది, టైమర్ మోగింది.

ఒక్క నిమిషం నిలబడ్డాను. ఆ ఒక్క నిమిషం గురించి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే ఆ తర్వాత వంగి పాపకు బూట్లు తొడిగాను.

మెట్ల మీద ముసలావిడ ఎదురైంది. పాప ముఖం చూసి, నుదుటి మీద వేళ్ళు ఆనించింది.

“ఈ వానలో ఎక్కడికి? ఒళ్ళు కాలుతోంది దీనికి.”

“రెండు గంటలయ్యాయి. తీసుకెళ్ళాలి.”

“ఏమిటీ?”

కోపంలో మొత్తం చెప్పేశాను. ఇంట్లో రెండు గంటలు, బయట మిగతాది, ఎవరికీ ఏ హక్కూ లేదు నన్ను అడగడానికి, ముఖ్యంగా పొద్దున లేస్తే మెట్ల మీద కాపలా కాసేవాళ్ళకి. ఆవిడ మొత్తం విన్నది. ఎర్ర స్వెటరు గుండీ పెట్టుకుంది.

“పిచ్చిదానా,” అంది మెల్లగా. “చైల్డ్‌మైండర్లం అందరం పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తాం. గుమ్మం దాటితే గడియారం ఆగుతుందని ఎవరు చెప్పారు నీకు?”

“నేను చదివా!”

“అయితే ఫోన్ చేసి అడుగు. రోజంతా చేతిలోనే ఉంటుందిగా.”

విసురుగా దిగి వచ్చేశాను. బస్సు పై అంతస్తులో ఎవరూ లేరు. అద్దం మీద వాన గీతలు గీతలుగా. పాప నిద్రపోలేదు. కళ్ళు సగం తెరిచి, నా మెడకు అంటుకుని, వేడిగా, చిన్నగా మూలుగుతోంది. రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది, గొంతు నిదానంగా ఉంది.

“మా ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది,” అని మొదలుపెట్టాను.

ఆవిడ నా ఫ్రెండ్ కథంతా విన్నది. బయటికి తీసుకెళ్ళిన సమయం కూడా చూసుకున్నట్టే లెక్క అంది. రోజు మొత్తం కలిపి చూస్తారు. కవరు సంగతి కూడా అడిగాను. పూలతో ఇచ్చినా పళ్ళతో ఇచ్చినా, పిల్లను చూసినందుకు ఇచ్చింది ప్రతిఫలమే.

“మీ ఫ్రెండ్ ఇప్పుడు బస్సులో ఉందా?” అని అడిగింది చివర్లో. తర్వాతి స్టాపు పేరు చెప్పే బస్సు గొంతు విన్నట్టుంది.

“ఉంది,” అన్నాను.

“పాప వాళ్ళ సొంత ఇంట్లోనే చూస్తే ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మీ ఫ్రెండ్‌కి చెప్పండి. అది వేరే పద్ధతి. తల్లిదండ్రులు మనిషిని పెట్టుకున్నట్టు. ఆ పన్ను విషయాలు వాళ్ళు చూసుకోవాలి. ముందు పాపను వెచ్చగా ఉండే చోటికి తీసుకెళ్ళమనండి.”

తర్వాతి స్టాపులో దిగి, అక్కావాళ్ళ ఇంటికి నడిచి, బెల్ మీద వేలు పెట్టి తీయలేదు. లుంగీలో, కళ్ళు ఎర్రగా, బావ తలుపు తీశాడు. నన్ను చూడలేదు, పాపనే చూశాడు.

“ఏమైంది పిల్లకు?”

“జ్వరం బావా. నాదే తప్పు.”

ఆయన పాపను ఎత్తుకుని, మందు తాగించి, తను పడుకున్న దుప్పట్లోనే చుట్టి, ఛాతీ మీద వేసుకున్నాడు. నేను వంటగదిలో నిలబడి అక్కకు మెసేజ్ పెట్టాను. టైప్ చేయడం, చెరపడం, టైప్ చేయడం.

అక్క నాలుగున్నరకు వచ్చింది. అప్పటికి పాపకు చెమట పట్టి జ్వరం దిగింది. యూనిఫామ్ కూడా మార్చుకోకుండా మొత్తం విని, సోఫా చివర కూర్చుంది.

“అంటే మూడు నెల్లు తప్పు చేసినమన్నట్టు. రేపు ఎవరన్న అడిగితే నా నర్సు రిజిస్ట్రేషన్ ఏమైతది? నీ వీసా ఏమైతది?” ఫోను తీసింది. “మా మేనత్త ప్రయాణం అప్పుడు వాయిదా పడ్డది గద. వచ్చే గురువారం పోతున్నది. పాపకు టికెట్ తీస్త. అయిపాయె.”

“పంపు,” అన్నాను. నా నోరు నా మాట వినదు. “పంపు అక్కా. తిరిగొచ్చి ఆంటీ అని పిలుస్తది. అప్పుడు ఏడువు.”

అక్క ముఖం చూడలేకపోయాను. పాప నిద్రలో బావ గడ్డం పట్టుకుంది.

“జరంత ఆగుండ్రి ఇద్దరు,” అన్నాడు బావ. ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. “పాప ఈ ఇంట్ల ఉంటే తప్పు లేదంటున్నరు. అంతేనా?”

“అంతే బావా.”

“మరి తప్పు నాదే. ఈ ఇంట్ల పొద్దుగాల పడుకునేది నేను కద. నాకో మంచం దొరికితే పాప పోవుడెందుకు?”

“నా మంచం ఖాళీగనే ఉంటది కద బావా,” అన్నాను. “నువ్వు అక్కడ పడుకో. నేను ఇక్కడికొస్త.”

అక్క తలెత్తింది. “ఏం మాట్లాడుతున్నవ్? పెండ్లి కాని పిల్ల రూముల మగమనిషి పడుకుంటే జనం ఏమనుకుంటరు?”

“ఏ జనం అక్కా? ఈ ఊర్ల మనల్ని చూసే జనం ఎవరు? కింద ముసలామె ఒక్కతి. ఆమెకు నేనే చెప్త.”

“గురక పెడ్తడు.”

“పెట్టనీ. నేనుండను కద.”

అక్క నవ్వలేదు. కానీ ఫోను టీపాయ్ మీద బోర్లా పెట్టింది.

మర్నాడు ముసలావిడ తలుపు కొట్టాను. క్షమించమనడం నాకు రాదు. చేతకాక, ఏర్పాటు మొత్తం గబగబా చెప్పేశాను. ఆవిడ తలుపుకి ఆనుకుని విన్నది.

“అంటే ఆయన నీ మంచంలో పడుకుంటాడు, నువ్వు ఆ సమయంలో ఎప్పుడూ ఇంట్లో ఉండవు.”

“అవును.”

“ఇన్నేళ్ళలో ఈ మెట్ల మీద ఇంత పద్ధతైన కాపురం చూడలేదు హెన్,” అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత లోపలికి పిలిచి టీ ఇచ్చి, అక్క నాకు చేయాల్సిన కాగితాలేమిటో, ఎవరిని అడగాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆ నెల నుంచి కవరుకి జీతం అనే పేరు పెట్టుకున్నాం. అక్కకు ఆ మాట అనడానికి రెండు నెలలు పట్టింది.

ఇక పొద్దున్నే నేనూ బావా వాళ్ళ వీధి మూలన ఎదురుపడేవాళ్ళం. నైట్ డ్యూటీ దిగి ఆయన, నిద్ర లేచి నేను. మంచులో ముందు ఆయన సంచీ కనిపించేది, తర్వాత ఆయన. తాళంచెవులు మార్చుకునేవాళ్ళం. “హీటర్ పెట్టిన బావా.” “మీ అక్క ఉప్మా చేసి పెట్టిందట.” అంతే, ఒకరి నిద్రలోంచి ఒకరం నడిచి వెళ్ళినట్టు.

గురువారం వచ్చింది. అక్క మేనత్త ఒంటరిగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది, ముఖం ముడుచుకునే. ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనూ పాపా. నా గదిలో మూడు నెలలూ పాప తన సంచీ ఎప్పుడూ దగ్గరే పెట్టుకునేది. నేను దాన్ని బుద్ధిమంతురాలు అనుకున్నాను. ఇక్కడ ఒక్క క్షణం కుదురుగా లేదు. బూట్లు విప్పమంది నన్ను. తన కిటికీ చూపించింది, తన గోడ, తను గీసిన గీతలు, సోఫా కింద తను దాచిన చెంచాలు. నా గదిలో అడగనివన్నీ ఇక్కడ అడిగింది, నేను ముట్టుకున్న ప్రతిదానికీ “మైన్” అంది, నాది అని.

ఆడి ఆడి పెద్ద మంచం మీద అడ్డంగా పడి నిద్రపోయింది. నేను అంచున కూర్చున్నాను. కిటికీ బయట పొగమంచు తేలిపోతూ, వెనక గోడ మీద నారింజ రంగు ఎండ పడుతోంది.

మూడింటికి లేచింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మంచం దిగి, కుర్చీ ఎక్కి, సింక్ దగ్గర కుళాయి తిప్పి, రెండు చేతులతో పట్టుకుని ప్లాస్టిక్ గ్లాసు తెచ్చింది. దారంతా ఒలికింది. వాళ్ళమ్మ ఇంటికొచ్చిన వాళ్ళకి ఇస్తుంటే ఎన్నిసార్లు చూసి ఉంటుందో.

“కూచో పిన్నీ,” అంది తెలుగులో. “నీళ్ళు.”

నేను కూర్చునే ఉన్నాను. అయినా లేచి, మళ్ళీ కూర్చుని, గ్లాసు తీసుకున్నాను.